కొండకు ముందు రెండు నొక్కులు

"సంతకం పెట్టేస్తాను పిన్నిగారూ. మీరు వెళ్లిపోండి."

ఆ మాట అంటూ అమ్మాయి బల్ల మీదున్న పెన్ను కోసం చెయ్యి చాపింది. పిన్ని అంతకంటే ముందే దాన్ని తీసి తన కొప్పులో గుచ్చుకుంది.

"పెడుదువుగానిలే. జైలు ఎక్కడికీ పారిపోదు. ముందు జరిగింది చెప్పు."

అందరూ పిన్ని అని పిలిచే ఈ డిటెక్టివ్ పోలీసు ఉద్యోగానికి దణ్ణం పెట్టి బయటికొచ్చి చాలాకాలమైంది. ముక్కు మీద కోపం, నాలుక మీద కారం. ఆమెతో పెట్టుకుని బాగుపడ్డవాడు ఇంతవరకూ కనబడలేదు. ఎదురుగా కూర్చున్నది విమానాల కంట్రోలర్, ఆఫీసులో అందరికీ బుజ్జి. అయిదు రోజుల కిందట ఆమె దిగమని చెప్పిన చిన్న విమానం మబ్బులో కొండకు గుద్దుకుంది. నలుగురు పోయారు. ఇవాళ సాయంత్రం విచారణ నివేదిక మీద సంతకాలు జరుగుతాయి. బుజ్జి తప్పు ఒప్పుకున్నట్టు అందులో ఒక పేజీ సిద్ధంగా ఉంది. బయట వరండాలో పోలీసు ఇన్‌స్పెక్టర్ వారంటు జేబులో పెట్టుకుని టీ తాగుతున్నాడు.

పిన్నిని ఈ కేసులోకి ఈడ్చుకొచ్చింది బుజ్జి అత్తగారు. "మా కోడలికి అబద్ధం చెప్పడం చేతకాదమ్మా. నా వంట ఎలా ఉందంటే బాలేదని మొహం మీదే అంటుంది. పెళ్లయినప్పట్నుంచీ నేర్పుతున్నాను, అబ్బలేదు. బజర్ మోగింది అన్నదంటే మోగిందంతే" అని ఆవిడ పిన్ని ఆఫీసులో బైఠాయించింది. కోడలి కోసం ఇలా పోట్లాడే అత్తను చూడ్డం పిన్నికి అదే మొదలు. కేసు ఒప్పుకోవడానికి సగం కారణం అదే.

"బజర్ సంగతి మీ అత్తగారికి చెప్పావు, విచారణలో చెప్పలేదు. ఎందుకని?"

బుజ్జి తల దించుకుంది. "చెప్తే రెండు గదుల్లో అందరి ఉద్యోగాలూ పోతాయి."

"నాకు విమానాల గురించి ఏమీ తెలీదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు."

"మాకు రెండు గదులు. దూరం నుంచి వచ్చే విమానాల్ని ఏరియా గది చూస్తుంది. అక్కడ ఆ రోజు డ్యూటీ బావది. అంటే చుట్టరికం ఏమీ లేదు, అందరూ అలానే పిలుస్తారు. దగ్గరికొచ్చాక వాటిని దింపేది మా అప్రోచ్ గది. మధ్యలో కొండ. అది దాటేదాకా ఏడువేల అడుగులకి ఒక్క అడుగు కూడా కిందికి దించకూడదు. దాటిందని ఏరియా వాళ్లు హాట్‌లైన్‌లో నోటితో చెప్పాలి, మేము ఆ మాటే తిరిగి చెప్పాలి, అప్పుడు దించాలి. అదీ పద్ధతి."

"పద్ధతి బాగుంది. మరి మీరు చేసేది?"

"ఆ లైన్లో ఎప్పుడూ బరబరమని గోల. ఒక్క మాట నాలుగుసార్లు అరవాలి. అందుకని ఎవరో పాతవాళ్లు మాటలు మానేసి బజర్ పెట్టారు. రెండుసార్లు నొక్కితే, కొండ దాటింది, ఇక నీదే అని. నేను చేరేసరికే ఆ అలవాటుంది."

"బజర్ మోత టేపులో పడదా?"

"మాటలే పడతాయి."

"నీ కళ్లేం చేస్తున్నాయి? తెర మీద విమానం కనబడుతుందిగా?"

"ఆ మధ్యాహ్నం మా రాడార్‌ని మరమ్మతుకి ఆపారు పిన్నిగారూ. ఏరియా వాళ్లది వేరే రాడార్, అది పనిచేస్తోంది. అలాంటప్పుడు మాకు కళ్లు వాళ్లే." బుజ్జి వేలితో బల్ల మీద రెండుసార్లు తట్టింది. "రెండుసార్లు మోగింది. బోర్డు మీద ఆ విమానం పేరున్న పట్టీని కింది వరసలోకి జరిపాను. నాలుగువేలకి దిగమన్నాను. కాసేపటికి పైలట్ 'పైకి, పైకి' అని అరిచాడు. నాతో కాదు, పక్కవాడితో. ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు."

పిన్నికి జాలేసింది. అయినా వదల్లేదు.

"బజర్ మోగితే తప్పు నొక్కినవాడిది. నువ్వెందుకు ఉరేసుకుంటానంటున్నావు?"

"దించింది నేనే కదా" అంది బుజ్జి. ఇంకేదో చెప్పబోయి గోడ వైపు తిరిగిపోయింది. ఆ మిగిలిన ముక్క ఎంత గుచ్చి అడిగినా బయటికి రాలేదు.

*

వరండాలోకి రాగానే పిన్నికి ఇస్త్రీ ఎదురయ్యాడు. ఈ కేంద్రానికి పెద్ద ఆయనే, ఈ విచారణకు పెద్దా ఆయనే. పొద్దున వేసుకున్న చొక్కా సాయంత్రానికి కూడా మడత నలగదని కిందివాళ్లు పెట్టిన పేరు అది. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు.

"మీరింకా ఇక్కడే ఉన్నారా? ఆ అమ్మాయితో మాట్లాడుకోడానికి అరగంట చాలనుకున్నానే."

"చాలేదే. ఇల్లు కాలిపోతే ఆ ఇంటాయన్నే జడ్జీగా కూర్చోబెట్టారని విన్నాను. ఈ వింత చూసి పోదామని ఆగాను."

ఇస్త్రీ మొహం కొంచెం ఎర్రబడింది. "టేపు విన్నారా? ఏరియా నుంచి అనుమతి లేదు. ఈ అమ్మాయి గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. నాలుగువేలకి దిగండి. ఇంకేం కావాలి మీకు?"

"బజర్ కావాలి."

"ఏ బజర్?"

"రెండు నొక్కుల బజర్. మాటలకి బదులు వాడేది."

"అలాంటి అలవాటు ఈ కేంద్రంలో లేదు. నేనిక్కడ కంట్రోలర్‌గా చేశాను. నా హయాంలో లేదు, ఇప్పుడూ లేదు. నివేదికలో అదే రాశాను. పట్టుబడ్డవాళ్లు చెప్పే కథలు పోలీసుల్లో పనిచేసిన మీకు నేను నేర్పాలా?"

"కథో కాదో తేలుస్తాను."

"అయిదింటికి ఆ అమ్మాయి సంతకం పెడుతుంది. ఆ లోపల తేల్చుకోండి." చొక్కా చేతులు సవరించుకుని వెళ్లిపోయాడు. పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ కోపానికి కూడా టైము లేదు, అప్పటికే మూడు దాటింది.

బావ క్యాంటీన్లో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. ఎదురుగా టీ మీద మీగడ కట్టింది. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ అతనికి డ్యూటీ వెయ్యలేదు.

"బజర్ నొక్కారా?"

"నొక్కలేదండీ. నా పిల్లల మీద ఒట్టు." అతను పిన్ని కళ్లలోకి చూసి చెప్పాడు. అది నిజమని ఆమెకు అనిపించింది.

"రెండు నొక్కుల అలవాటు ఉందా?"

బావ కళ్లు టీ కప్పులోకి దిగిపోయాయి. "అలాంటిదేం లేదండీ."

"విమానం కొండ దగ్గరికి వస్తున్నప్పుడు ఏం చేస్తున్నారు?"

"ఇంకో విమానంతో మాట్లాడుతున్నాను. నేను... నేను చూసుకోలేదు." తేలు కుట్టిన దొంగలా నోరు బిగబట్టుకున్నాడు. ఎన్ని రకాలుగా అడిగినా నీళ్లు నమలడమే. ఇతను నొక్కలేదు, కానీ ఏదో మింగేశాడు అనుకుంది పిన్ని. మరి నొక్కిందెవరు? ఆ బజర్‌కి ఇంకో మీట ఎక్కడైనా ఉండాలి.

*

పరికరాల గది మెట్ల కింద ఉంది. చలి, ఫ్యాన్ల హోరు. అద్దాల తలుపుల వెనక వరసగా ఇనప బీరువాలు, వాటిలో వైర్లు. అక్కడి ఇంజనీరు ముప్పై ఏళ్లవాడు. పిన్నిని చూడగానే కంగారుగా లేచాడు, కుర్చీ వెనక్కి పడింది.

"హాట్‌లైన్ పెట్టె ఏది బాబూ?"

చూపించాడు. చేతిలో పట్టేంత నల్లపెట్టె. దాని మీద గదికొక మీట. అప్రోచ్ అని రాసున్న మీట చుట్టూ దుమ్ము లేదు, మిగతావాటి చుట్టూ ఉంది. పిన్ని దాని మీద వేలు పెట్టింది.

"ఇది నొక్కితే?"

"వద్దు మేడమ్! అక్కడ బజర్ మోగుతుంది. లైన్ టెస్ట్ చెయ్యడానికి అది."

"టెస్ట్ అంటే ఎన్నిసార్లు నొక్కుతావు?"

"రెండుసార్లు. మొదటిది మోగకపోయినా రెండోది తెలుస్తుందని..." అంటూనే పిన్ని మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైంది మేడమ్?"

రెండు నొక్కులకి పైన ఉన్న అర్థం ఇతనికి తెలియదు. పైవాళ్లు తమ అలవాటు కిందివాళ్లకి చెప్పలేదు. ఇతను తన టెస్ట్ సంగతి పైవాళ్లకి చెప్పలేదు. ఒకే గోడకి అటూ ఇటూ బతుకుతూ ఇన్నేళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుపోయారు. పిన్ని పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"ఆ మధ్యాహ్నం టెస్ట్ చేశావు. అవునా?"

ఇంజనీరు పడిపోయిన కుర్చీ లేపి దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. "ఫోనొచ్చింది మేడమ్. లైన్ మోగట్లేదు, ఇప్పుడే టెస్ట్ చెయ్యి అని. మగ గొంతు, మెల్లిగా మాట్లాడాడు. ఫ్యాన్ల హోరులో ఎవరో తెలీలేదు. ఫోన్ మీద మాత్రం ఏరియా గది నంబరు పడింది. నొక్కాను. దానికీ విమానానికీ ఏంటి సంబంధం?"

"ఏరియా గది" అంది పిన్ని. బావ మొహం గుర్తొచ్చింది. పిల్లల మీద ఒట్టేశాడు, నొక్కలేదని. ఫోన్ చెయ్యలేదని వెయ్యలేదు. "ఇది ఎవరికైనా చెప్పావా?"

"మొదటి రోజే పెద్దసారుకి చెప్పాను. సంబంధం లేని మాటలు చెప్పి విచారణని పాడుచెయ్యకు అన్నారు."

"అప్రోచ్ రాడార్ మరమ్మతు ఆ రోజే ఎందుకు పెట్టారు?"

"నెలకోసారి చేసేదే. పొద్దున చెయ్యాల్సింది. మధ్యాహ్నానికి మార్చమన్నారు."

"ఎవరు?"

"పెద్దసారే మేడమ్."

పిన్ని కాసేపు ఆ నల్లపెట్టెనే చూసింది. నంబరు బావ వైపు చూపిస్తోంది, వాసన మాత్రం ఇస్త్రీ చొక్కాలోంచి వస్తోంది. ఇద్దరిలో ఒకడు. లేదా ఇద్దరూ. ఆమె లేచి ఇంజనీరు భుజం తట్టింది.

"నేను పైకి వెళ్లాక పావుగంట ఆగి, ఆ రోజు ఎలా నొక్కావో అలాగే నొక్కు. ఎవరికీ చెప్పకు. విమానాలు లేని టైమేనా?"

"నాలుగున్నర దాకా ఏమీ లేవు మేడమ్."

*

అప్రోచ్ గదికి కిటికీలు లేవు. తెరల వెలుగులో మనుషుల మొహాలు జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి. పిన్ని అందర్నీ అక్కడికే రప్పించింది. బుజ్జి, బావ, ఇస్త్రీ, తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్. డ్యూటీలో ఉన్న కంట్రోలర్ని కుర్చీలోంచి కదలొద్దంది. ఒప్పుకోలు పేజీని ఇస్త్రీ ముందుజాగ్రత్తగా చంకలో పెట్టుకొచ్చాడు.

"నాకు మట్టిబుర్ర" అంది పిన్ని ఇస్త్రీతో. "ఈ పట్టీల సంగతి మీరే చెప్పాలి. పెద్దవారు, అనుభవం ఉన్నవారు."

పొగడ్త ఎవరికి చేదు! ఇస్త్రీ బోర్డు దగ్గరికి వచ్చాడు. వాలుగా ఉన్న చెక్కబోర్డు మీద రెండు వరసలు. ఒక్కో విమానానికి ఒక్కో ప్లాస్టిక్ పట్టీ. డ్యూటీ కంట్రోలర్ ఖాళీ పట్టీ ఒకటి పై వరసలో పెట్టాడు.

"పై వరసలో ఉన్నంతసేపు విమానం ఏరియాది" అన్నాడు ఇస్త్రీ, పాఠం చెప్పే గొంతుతో. "మా వాళ్లు దాన్ని దించడానికి వీల్లేదు. కింది వరసలోకి వస్తేనే మాది."

"ఎప్పుడొస్తుంది?"

"ఏరియా వాళ్లు కొండ దాటిందని నోటితో చెప్పాలి. మా వాళ్లు ఆ మాట తిరిగి చెప్పాలి. అది పూర్తయ్యేదాకా ఎంత తొందరున్నా సరే, పట్టీని ముట్టుకునే ప్రసక్తే—"

బజర్ మోగింది. వెంటనే మళ్లీ మోగింది.

పిన్ని బజర్ వైపు చూడలేదు. చేతులు చూసింది. డ్యూటీ కంట్రోలర్ చెయ్యి గాల్లోకి లేచింది. బుజ్జి వేళ్లు ఒళ్లో కదిలాయి. ఇస్త్రీ చెయ్యి నేరుగా బోర్డు మీదికి వెళ్లి, పై వరసలో ఉన్న పట్టీని కింది వరసలోకి జరిపింది. మాట ఇంకా నోట్లోనే ఉంది, పట్టీ అప్పుడే కిందికి వచ్చేసింది.

ఇస్త్రీ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట" అంది పిన్ని. "మీ హయాంలో లేని అలవాటు మీ చేతికెలా వచ్చింది సార్?"

ఇన్‌స్పెక్టర్ టీ కప్పు కింద పెట్టి రెండడుగులు ముందుకొచ్చాడు. ఇస్త్రీ రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. "సరే, ఉండేది. కేంద్రం పరువు పోకూడదని రాయలేదు. అది నేరమా? ఆ రోజు బజర్ నేను నొక్కానా?"

"మీరు నొక్కలేదు. కింద ఇంజనీరు చేత నొక్కించారు. ఏరియా గది ఫోన్ నుంచి."

"ఏరియా గదిలో కూర్చునేది నేను కాదు." ఇస్త్రీ బావ వైపు గడ్డం ఎత్తాడు. "అతన్ని అడగండి."

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. అందరి కళ్లూ అతని మీదే. అప్పుడు బుజ్జి మాట్లాడింది.

"బావ చెయ్యడు. బావకేం అవసరం?" ఆమె లేచి నిలబడింది. "పిన్నిగారూ, మీరు అడిగినప్పుడు ఒకటి చెప్పలేదు. ఆ విమానంలో మాలాంటి కేంద్రాలు పద్ధతిగా నడుస్తున్నాయో లేదో చూసే పరీక్షాధికారి ఉన్నారు కదా, ఇద్దరు పైలట్లూ ఆయన అసిస్టెంటూ కాక. ఆయన్ని ఇక్కడికి రమ్మన్నది నేనే."

ఇస్త్రీ రుమాలు జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

"ఈ బజర్ అలవాటు చూస్తే నాకు భయమేసేది. ఏదో ఒక రోజు కొంప ముంచుతుందని. చాలా ఏళ్ల కిందట ఒక విమానం కొండ మీద చెట్ల కొసలు రాసుకుంటూ బయటపడింది. తప్పంతా పైలట్‌దని తేల్చి అతని లైసెన్సు పీకేశారు. అప్పుడూ ఈ రెండు నొక్కులే కారణమని ఇక్కడ గుసగుసలు. ఆ సంగతీ ఆయనకి ఫోన్లో చెప్పాను. ఎవరికీ తెలీకుండా నేనే వచ్చి చూస్తానన్నారు." కన్నీళ్లు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు. "పిలిచింది నేనే, దించింది నేనే. అత్తయ్యకి కూడా చెప్పలేకపోయాను."

"ఆయనకి ఫోన్ చెయ్యకముందు ఇంకెవరికైనా చెప్పావా తల్లీ?" పిన్ని గొంతు మొదటిసారి మెత్తబడింది.

"చెప్పాను. ముందు మన పెద్దాయనకే చెప్పాలి కదా." బుజ్జి ఇస్త్రీ వైపు చూసింది. "నవ్వి ఊరుకున్నారు. అందుకే పైవాళ్లకి చెప్తానన్నాను. ఏ విమానంలో ఎవరొస్తున్నారో ఆ జాబితా కూడా ముందు ఆయనకే వెళ్తుంది."

"ఆ పాత విమానం నాడు ఈ కుర్చీలో ఉన్నది మీరేనా సార్?" అంది పిన్ని.

ఇస్త్రీ పిన్నిని వదిలేసి, బుజ్జికి దగ్గరగా వచ్చి ఆమె ముందు ఆ పేజీ పెట్టాడు. అతని గొంతులో కోపం లేదు. అదే భయం పుట్టించింది.

"టేపులో ఎవరి గొంతుందో నీకు తెలుసు. దిగండి అన్నది నువ్వు. చెయ్యి కదిలిందనీ, ఎవరో ఫోన్ చేశారనీ కోర్టుకి చెప్తే నవ్వుతారు. ఆ నలుగురి ఇళ్లవాళ్లకి నువ్వు ఇవ్వగలిగింది ఒక్క సంతకమే."

బుజ్జి పిన్ని కొప్పులో ఉన్న పెన్ను కోసం చెయ్యి చాపింది. పిన్ని తల అడ్డంగా ఊపింది. బుజ్జి డ్యూటీ కంట్రోలర్ బల్ల మీద ఉన్న పెన్సిల్ తీసుకుంది. ఆ పిల్ల నిజంగానే సంతకం పెట్టేస్తుందని పిన్నికి అర్థమైంది. నంబరు ఉంది, మనిషి లేడు. ఇస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం.

"ఆగమ్మా." బావ ముందుకొచ్చి ఆ పేజీ మీద చెయ్యి పెట్టాడు. "ఆగు. పెట్టకు."

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు ఇస్త్రీ.

"అయిదు రోజులు మూసుకున్నాను సార్. అన్నం దిగట్లేదు." బావ పిన్ని వైపు తిరిగాడు. "ఆ రోజు ఈయన నా కుర్చీ వెనకే నిలబడ్డారండీ. తెర మీద చుక్క కొండ దగ్గరికి వచ్చేదాకా చూశారు. నా బల్ల మీద ఫోన్ ఎత్తి ఏదో మెల్లిగా అన్నారు. పెట్టేసి వెళ్లిపోయారు. కాసేపటికి చుక్క పక్కన ఎత్తు చూపించే అంకె తగ్గడం మొదలైంది. ఎక్కడైనా చెప్తాను, కోర్టులోనైనా చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ."

ఇస్త్రీ తలుపు వైపు నడిచాడు. ఇన్‌స్పెక్టర్ అడ్డంగా నిలబడి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నాళ్లుగా నలగని ఆ చొక్కా ఆ గుప్పిట్లో నలిగింది. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి వారంటు తీసి, అందులో ఉన్న బుజ్జి పేరు మరోసారి చూసుకుని, మడిచి మళ్లీ లోపల పెట్టేశాడు. "మేడమ్, కింద ఆ ఇంజనీరు దగ్గర మా వాణ్ణి కూర్చోబెట్టమంటారా?" అని మెల్లిగా అడిగాడు. పిన్ని తలూపింది.

కేసు గెలిచినట్టే. కానీ గదిలో ఎవరికీ ఊపిరి తేలిక కాలేదు. బుజ్జి పెన్సిల్ వదల్లేదు. ఇస్త్రీ వైపు చూడనే లేదు. బావనే చూస్తోంది.

"అంకె తగ్గడం చూశావా బావా?"

"చూశానమ్మా."

"ఎంత దాకా?"

"ఆరువేలు. అయిదున్నర." బావ గోడకి ఆనుకున్నాడు. "పెద్దాయనే ఫోన్లో నీతో చెప్పి దింపిస్తున్నారనుకున్నాను. ఆయన చెప్పాక కాదనడానికి నేనెవణ్ణి అనుకున్నాను."

"నీ తెర మీద కొండ ఉంది కదా?"

"ఉంది."

"నా తెర మీద ఏమీ లేదని తెలుసు కదా నీకు? మరి నన్నొక్కసారి ఎందుకు పిలవలేదు?"

"అప్పటికే నువ్వు దించుతున్నావు కదమ్మా" అన్నాడు బావ. "నీ విమానం కదా, నేను మధ్యలో మాట్లాడితే బాగోదనుకున్నాను."